నీటి గీత మీద క్రిస్మస్ తోరణం

మా ఫోటోగ్రాఫర్లు నలుగురు చేరిన చోట నా పేరొస్తే ఒక మాట తప్పకుండా అంటారు. "వరద గీత మీద క్రిస్మస్ తోరణం ఉన్న ఫ్యామిలీ ఫోటో చూశారా? ఆ తోరణం ఈవిడ కంప్యూటర్లో పెట్టిందే. ఎంత దగ్గర్నుంచి చూసినా అతుకు కనపడదు." మెచ్చుకోలే, కాదనను. కానీ తప్పుడు మెచ్చుకోలు. అతుకు లేదు కాబట్టి కనపడదు. ఆ తోరణం నేను పెట్టలేదు సరికదా, అక్కడ పెట్టొద్దని వాదించినదాన్ని. గోడ మీది బురద చార కూడా నేనే గీశానని ఈ మధ్య కొత్తగా మొదలుపెట్టారు. బుడమేరు వాగు చేసిన పనికి నాకు పేరెందుకండీ? జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆ తర్వాత ఎవరేమనుకున్నా వాళ్ళిష్టం.

బుడమేరు వరద వచ్చిన ఏడాది, డిసెంబరు మొదటి వారం. అప్పుడు నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక స్టూడియోలో సీనియర్ ఫోటోగ్రాఫర్‌ని. పండగ ఫోటోల విభాగం నాది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద ఒక గది, రెండు గొడుగు లైట్లు, ఒక కంప్యూటరు, నేను. మా దగ్గర హోదాలు స్పష్టంగా ఉండేవి. అందరికీ పైన ఓనరు గారు. ఆయన కింద పెళ్ళిళ్ళకు వెళ్ళే సీనియర్లు. వాళ్ళ కింద ఆల్బం డిజైనర్లు, లైట్లు పట్టేవాళ్ళు. నేను డిగ్రీ చదివి వస్తే "రిసెప్షన్‌లో కూర్చోమ్మా, బాగుంటుంది" అన్నారు. రిసెప్షన్ నుంచి కెమెరా వెనక్కి చేరడానికి నేను పెట్టుకున్న తగాదాల గురించి రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది. మెడ నరం పట్టేసి పోయినేడాది మానేసేదాకా ఆ గదికి నేనే అధికారిని.

పండగ ఫోటో అంటే కుటుంబం మొత్తాన్ని స్టూడియోలో నిలబెట్టి తీసి, దానికి పండగ కళ తేవడం. సంక్రాంతికైతే ముగ్గులు, గాలిపటాలు. రంజానుకైతే నెలవంక. క్రిస్మస్‌కి చెట్టు, మంచు, ఇంగ్లీషు ఇళ్ళ గోడల్లో ఉండే చలిమంట గూడు. పని నాలుగు అంచెల్లో సాగుతుంది. సిట్టింగు అంటే ఫోటో తీయడం. ఆ తర్వాత మిక్సింగు. మనుషుల బొమ్మల్ని అంచులవెంట కత్తిరించి కొత్త నేపథ్యం మీద అతికించడాన్ని మేము అలా అంటాం. దాన్ని చిన్న సైజులో అచ్చువేసి ఇంటివాళ్ళకు చూపించేది ప్రూఫు. వాళ్ళు సరేనన్నాక పెద్ద ప్రింటు, ఫ్రేము. అతికించడం కష్టం కాదు, వెలుగు కలపడం కష్టం. మనిషి మీద వెలుగు ఎడమనుంచి పడి, వెనక చలిమంట కుడిపక్క మండుతుంటే చూసేవాళ్ళకు ఎక్కడో తేడా కొడుతుంది. ఎక్కడో చెప్పలేరు. నేను చెప్పగలను. ఆ ముక్కకే నాకు జీతం.

ఆ వారంలో ప్రకాశ్ అనే ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, హనుమాన్ జంక్షన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి మేనేజరు, కాపురం కూడా అక్కడే. తల్లి సుగుణ గారు స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. సింగ్ నగర్‌లో సొంత ఇంట్లో ఒక్కరే ఉంటారు. వరదలో ఆ ఇల్లు మునిగింది. ఆవిడ మేడ మీద కూర్చుని ఉంటే పడవలో దించుకొచ్చారు. ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కి తీయించుకున్న ఫోటోలన్నీ పోయాయి. నీళ్ళలో తడిసి పోవడం కాదు, తర్వాత పోయాయి. ఆల్బముల్ని తీసుకెళ్ళి మంచి ఎండలో పెట్టారు. తడిసిన ఫోటోల్ని మంచినీళ్ళలోనే ఉంచి ఒక్కొక్కటిగా విడదీయాలి, అప్పుడు నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఒకదానికొకటి కరుచుకుని పలకలైపోతాయి. బట్టలూ వడియాలూ ఎండపెట్టే ఊరు కదా మనది, ఫోటోలు కూడా ఎండపెట్టారు. ఆ నెలల్లో మా స్టూడియోకి అలాంటి పలకలు ఎన్ని వచ్చాయో. ఒక్కటీ విడలేదు.

"అమ్మకి క్రిస్మస్ ఫ్యామిలీ ఫోటో కావాలట మేడం, ఇంట్లోనే తీయాలట" అన్నాడు ప్రకాశ్. కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించాడు. ఇల్లు అమ్మకానికి పెడదామనుకుంటున్నాడు. మళ్ళీ నీళ్ళొస్తే తాను హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చేసరికి ఏమవుతుందో అని అతని భయం. అది వట్టి భయం అని నేననను. బ్రోకరు కూడా దొరికాడు. గోడల మీద బురద చార కనపడకుండా ముందు రంగు వేయించండి, సంక్రాంతిలోగా కొనే పార్టీని తెస్తాను అన్నాడట. తల్లి ససేమిరా అంది. రంగు వెయ్యడానికి వచ్చిన మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపింది. అందుకని ప్రకాశ్ నన్ను కోరింది ఏమిటంటే, అందర్నీ స్టూడియోకే తీసుకొస్తాడు, నేను వాళ్ళని ఒక అందమైన కొత్త ఇంట్లో, క్రిస్మస్ చెట్టు పక్కన, కిటికీలో మంచు పడుతుండగా నిలబెట్టాలి. "ఇంకో ఇంట్లో కూడా మనం ఇలా ఉండొచ్చని అమ్మకి కనపడాలి మేడం" అన్నాడు.

ఫోటోతో వాదన గెలవాలనుకునే మనుషులు నాకు కొత్త కాదు. సరేనన్నాను. రెండు రోజుల్లో వచ్చారు. సుగుణ గారు, ప్రకాశ్, అతని భార్య కరుణ, ఇద్దరు ఆడపిల్లలు, మైలవరం నుంచి సుగుణ గారి కూతురు సుహాసిని. ఇంట్లోనే కావాలన్న తల్లిని ఎలా ఒప్పించాడో తెలీదు, సిట్టింగు మాత్రం ప్రశాంతంగా జరిగింది. మిక్సింగు, నిజం చెబుతున్నాను, చాలా బాగా కుదిరింది. ప్రూఫు చూడ్డానికి సుగుణ గారే స్వయంగా మెట్లెక్కి వచ్చారు, వెనక కొడుకు. కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఇదేంటమ్మాయ్, తెల్లగా?"

"మంచండీ."

"సింగ్ నగర్లో మంచు ఎప్పుడు పడిందమ్మా? మాకు నీళ్ళు కదా వచ్చింది."

క్రిస్మస్ ఫోటోకి అది ఆనవాయితీ అన్నాను. బేత్లెహేములో కూడా ఆవిడకి తెలిసినంతలో చలిమంట గూళ్ళు లేవన్నారు. అయితే గొర్రెల్ని పెట్టనా అన్నాను. "పెట్టు, నిన్ను కాపరిగా నిలబెడతాను" అన్నారు. ప్రకాశ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నా నోటికి జవాబు చెప్పగలిగిన కస్టమరు దొరకడం అరుదు. కోపం రావాల్సింది, రాలేదు. ఇంట్లో గోడలు చెమ్మగా ఉంటాయి, చార ఉంటుంది, కావాలంటే అక్కడ తీసి ఇక్కడ శుభ్రం చేస్తానని ఒక మెట్టు దిగాను. "ముందు వచ్చి చూడు. చూశాక మాట్లాడు" అని ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మరుసటి ఆదివారం, చర్చి అయ్యాక, మధ్యాహ్నం నుంచి వెలుగు ఎలా మారుతుందో చూసుకుందామని ముందుగానే వెళ్ళాను. వరద గురించి పేపర్లో చదివాను, టీవీలో చూశాను. స్టూడియోకి వచ్చిన పలకల్ని చేత్తో పట్టుకున్నాను. అయినా ఆ వీధి మలుపు తిరిగినప్పుడు ఆటో ఆపించి దిగి నిలబడిపోయాను. వీధి పొడుగునా ప్రతి గోడ మీదా ఒకే ఎత్తులో గోధుమరంగు గీత. కిరాణా కొట్టు షట్టరు మీద, ప్రహరీల మీద, కరెంటు స్తంభం మీద, రామమందిరం గోడ మీద, పక్కన టైలరింగ్ షాపు బోర్డు మీద. ఎక్కడా వేలు మందం తేడా లేదు. కొన్ని ఇళ్ళకు కొత్త రంగు పడి గీత మాయమైంది, కానీ పక్కింటి దగ్గర మళ్ళీ సరిగ్గా అక్కడే మొదలైంది. నా ఉద్యోగమంతా గీతలు సరిచూసుకునే పనే. ఫ్రేము వంకర, తల వంకర, హొరైజన్ వంకర అని ఎంతమందిని తిట్టానో. ఎవరూ గీయకుండా ఒక ఊరంతా అంత తిన్ననైన అడ్డగీత ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. నా తల దానికి చాలా కిందుంది.

ఇంటి వరండాలో స్టార్ కట్టి ఉంది. వెదురు బద్దల చట్రం, ఎర్ర కాగితం, లోపల బల్బు. ముందుగదిలో సామాను దాదాపు లేదు. పోయినవి పోగా చర్చివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మంచం. గది మూడు గోడలమీదా, కిటికీ రెక్కలమీదా, మీటరు బోర్డు పక్కనా అదే గీత. నిచ్చెన ఎక్కి సుహాసిని రంగు కాగితాల తోరణం కడుతోంది. ఆ నిచ్చెన వెనక్కి పంపేసిన పెయింటరుది. అతను దాన్ని తీసుకెళ్ళడానికి మళ్ళీ ఇటు రాలేదట. పిల్లలు కింద కూర్చుని కాగితాలు జెండాల్లా కత్తిరించి అందిస్తున్నారు. తోరణం పైకప్పు దగ్గర కట్టడం లేదు. బురద గీత వెంబడి, అచ్చం దాని మీదుగా, మేకు మేకుకీ కడుతున్నారు.

నేను వెంటనే అడ్డం పడ్డాను. తోరణం ఎప్పుడైనా పైన ఉండాలి, కిందికి దిగితే గది కుంగినట్టు ఉంటుంది, పైగా జనం చూపు నేరుగా బురద మీదికే పోతుంది అన్నాను. కరుణ కూడా "అదే కదా అత్తయ్యా మేమూ చెప్తోంది" అంది. ప్రకాశ్ అసలు గోడ వైపే చూడటం లేదు.

సుగుణ గారు కుర్చీలోంచి కదల్లేదు. "పైన గోడకి పండగెందుకమ్మాయ్? దానికేం కాలేదుగా" అన్నారు.

ఈ మాటకి ఏం జవాబు చెప్తారో మీరు ఆలోచించుకోండి.

నేను కెమెరా నిలబెట్టుకునే పనిలో పడ్డాను. గుంపు ఫోటోకి ట్రైపాడ్‌ని మామూలుగా మనిషి ఛాతీ ఎత్తున పెడతాం. మొహాలు సహజంగా వస్తాయి. అలాగే పెట్టి చూశాను. ఎదురు గోడ మీది తోరణం తిన్నగానే ఉంది, కానీ రెండు పక్కల గోడలమీదా అది ఏటవాలుగా లోపలికి జారుతోంది. కట్టడంలో వంకర పోయింది, ఇటు చివర పైకి లేచింది, కొంచెం దించు అని సుహాసినికి చెప్పాను.

"వంకరా?" అన్నారు సుగుణ గారు. "నీళ్ళు వంకరగా నిలబడతాయా అమ్మా? వంకర నీ డబ్బాలో ఉంది, చూసుకో."

డబ్బా అన్నది నా కెమెరాని. ఒళ్ళు మండింది. మళ్ళీ చూశాను. ఆవిడ చెప్పింది నిజం, అందులో కొత్తేం లేదు, ఆ సంగతి నాకు బాగా తెలిసిందే. కంటికంటే ఎత్తులో ఉన్న అడ్డగీత దూరం పోతున్నకొద్దీ కిందికి జారినట్టు కనిపిస్తుంది. కంటికి సమానమైన ఎత్తులో ఉంటే జారదు. అయితే కెమెరాని గీత ఎత్తుకు లేపాలి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా సాగదీసి, మధ్యకడ్డీ పైకి తీసి, నేను పెయింటరు నిచ్చెన ఎక్కాను. ప్రకాశ్ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. కడ్డీని కొంచెం కొంచెం పైకి తిప్పుతూ తెరలో చూస్తున్నాను. పక్కగోడల మీది తోరణాలు మెల్లగా లేస్తూ వచ్చాయి. లెన్సు సరిగ్గా ఆ ఎత్తుకు చేరగానే మూడు గోడలమీది గీతలు కలిసి ఒకే ఒక గీత అయ్యాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి. మూలలు మాయం. ట్రైపాడ్ మీద మట్టం చూసుకునే నీటి బుడగ ఉంటుంది. అది నడిమధ్యలో కూర్చుంది.

"నిలబడండి" అన్నాను.

అప్పటికి బయట సందె వెలుగు తగ్గింది. వరండాలో స్టార్ వెలిగించారు. ఫ్లాష్ కొడితే గోడమీది చెమ్మ, బురద తెల్లగా వెలిసిపోతాయి. అందుకని ఫ్లాష్ ఆపేసి, గదిలో బల్బు, గుమ్మంలోంచి వచ్చే ఎర్ర వెలుగు, ఉన్నవాటితోనే తీద్దామనుకున్నాను. అలా తీయాలంటే షట్టరు కాసేపు తెరిచి ఉంచాలి, ఎవరూ కదలకూడదు. సుగుణ గారిని కూర్చోమంటే వినలేదు, మధ్యలో నిలబడ్డారు. ఒకపక్క కొడుకూ కోడలూ, ఒకపక్క కూతురు, ముందు పిల్లలు. ప్రకాశ్ పొడుగరి. అతని తలకీ తోరణానికీ మధ్య జానెడు ఖాళీ.

తెరలోకి చూశాను. ఫ్రేములో సగం వట్టి గోడ, సగంలో మనుషులు. పుస్తకాల ప్రకారం చాలా చెత్త కూర్పు. మధ్యలో రంగు కాగితాలు ఒక మట్టాన నిలిచి ఉన్నాయి, ఫ్యాను గాలికి కొద్దిగా ఆడుతున్నాయి. వాటి కింద ఆ కుటుంబం మొత్తం, కొత్తబట్టలతో, నా వైపు తలలెత్తి చూస్తోంది. నేను నీటి పైన ఉన్నాను. వాళ్ళు అడుగున నిలబడి ఉన్నారు. అందరూ, అతి పొడుగు మనిషితో సహా. వరదలో నీళ్ళు నిలిచినంత మేరా, గది ఈ చివర నుంచి ఆ చివరి దాకా పండగ ఉంది. ఒక గదిని చూసి నాకు భయమూ భక్తీ కలిసి కలగడం అదే మొదలు. గుళ్ళో కూడా నాకంత తేలిగ్గా కలగవు.

"ఏమ్మాయ్, నిద్రపోయావా? కాళ్ళు లాగుతున్నాయి" అన్నారు సుగుణ గారు కింది నుంచి.

"పెదాలు కదపకండి" అని షట్టరు నొక్కాను.

స్టూడియోలో ఫైలు తెరిచి చాలాసేపు చూసి, వెలుగు రంగు ఒక్కటి సరిచేసి ఊరుకున్నాను. ఓనరు గారు వెనక వచ్చి నిలబడ్డారు. "శారద గారూ, ఆ బురద చార తుడిచెయ్యండి, స్టార్‌కి కొంచెం మెరుపు పెంచండి, పైన అంత ఖాళీ ఎందుకు, కత్తిరించండి" అన్నారు. మెరుపు పెంచనన్నాను. తుడవనన్నాను. కత్తిరించనన్నాను. కావాలంటే మీ పేరుతో మీరు చేసుకోండి అన్నాను. "పండగ పూట మీతో ఎవరు పడతారు" అని వెళ్ళిపోయారు. ఆయన తర్వాత నలుగురికీ ఆ ప్రింటు చూపించి, అది మా స్టూడియో మిక్సింగు అని చెప్పుకున్నారు. మొదట్లో నేను రాసిన ఆ తప్పుడు మెచ్చుకోలు పుట్టింది అక్కడే.

ప్రూఫు దశ మానేసి నేరుగా పెద్ద ప్రింటు వేశాను. తీసుకోవడానికి తల్లీ కొడుకులిద్దరే వచ్చారు. మేడ మీద గదిలో గోడకి ఆనించి చూపించాను. సుగుణ గారు ఒకసారి చూసి తలూపి కుర్చీలో కూర్చున్నారు. ప్రకాశ్ మాత్రం దానికి దగ్గరగా వెళ్ళి, దూరం వచ్చి, మళ్ళీ దగ్గరగా వెళ్ళాడు. తన తల మీది ఖాళీని చూస్తున్నాడని నాకు అర్థమైంది.

"సరేనమ్మా" అన్నాడు చివరికి. "ఇన్ని నీళ్ళు చూసిన నువ్వే ఉంటానంటే ఇల్లు అమ్మను. ఆ ఊసే ఎత్తను. నువ్వు ఉండు, నేను వస్తూ పోతూ ఉంటా."

"ఎందుకమ్మవు? అమ్మెయ్. సంతకం పెడతాను."

అతను తల్లి వైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్ళూ నన్ను కాల్చుకుతిన్నావు కదే!"

"రంగేసి అమ్ముతానన్నావు. కొనుక్కునేవాడి పిల్లలు కూడా ఆ గదిలోనే పడుకుంటార్రా. ఈ ఫోటో చూపించి అమ్ము."

"ఇది చూస్తే ఎవడు కొంటాడమ్మా?"

"కొనకపోతే నేనే ఉంటా. నాకేం, ఈత రాకపోతేనేం, మేడెక్కడం వచ్చు."

ప్రకాశ్ మెట్లమీద కూర్చుండిపోయాడు. ఏడ్చాడో నవ్వాడో నేను చూడలేదు. నేను ఫ్రేము కట్టే కాగితం కోసం లోపలికి వెళ్ళాను, వెళ్ళాల్సిన అవసరం లేకపోయినా.

బ్రోకరు మొదట తలకొట్టుకున్నాడట. ఫోటో చూపించి ఇల్లు అమ్మడం అతని అనుభవంలో లేదు. ఇద్దరు చూసి వెళ్ళిపోయారు. మూడో ఆయన చూసి, ధర తగ్గించమని బేరమాడి, కొన్నాడు. పాత ఇల్లు పడగొట్టి, కింద పిల్లర్లు లేపి, పైన కట్టుకుంటున్నాడు. పాత గోడలూ వాటి మీది గీతా పోయాక మేస్త్రీ పిల్లర్లు ఎంత ఎత్తు పెట్టమంటారని అడిగితే, కొన్నాయన ప్రకాశ్‌కి ఫోను చేసి అతని ఎత్తు అడిగి, దాని మీద జానెడు, ఆ పైన ఇంకో మూర వేసుకోమన్నాడట. ఒక పండగ ఫోటో మేస్త్రీకి కొలతగా పనికిరావడం మా వృత్తిలో ఇంకెక్కడా జరిగి ఉండదని నా నమ్మకం. జరిగి ఉంటే చెప్పండి, ఒప్పుకుంటాను. ఆ ప్రింటు ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో ప్రకాశ్ వాళ్ళ హాల్లో ఉంది. సుగుణ గారు కూడా అక్కడే ఉన్నారు.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన కొద్ది కాలంలో నేను ఒక పద్ధతి మార్చాను. పండగ ఫోటో అడిగిన వాళ్ళని ముందు వాళ్ళింట్లో పండక్కి ఏం కడతారో, ఎక్కడ కడతారో, ఎవరు కడతారో అడిగేదాన్ని. దాన్నిబట్టి నేపథ్యం వెయ్యాలా వద్దా తేల్చేదాన్ని. సగం మందికి అవసరం లేదని తేలేది. మిక్సింగు పని తగ్గిందని ఓనరు గారు సణిగారు. తగ్గిన మాట నిజమే.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఆవిడ ఇల్లు వదిలేయాలని ఎప్పుడు నిర్ణయించుకున్నారు? నా మెట్లెక్కి మంచుని వెక్కిరించిన రోజుకే తేల్చుకుని వచ్చారా, లేక తోరణం కింద నిలబడి నా కెమెరాలోకి చూసిన ఆ కాసేపట్లో తేల్చుకున్నారా? హనుమాన్ జంక్షన్ వెళ్ళినప్పుడు సూటిగానే అడిగాను. "ఫోటో నువ్వే తీశావుగా, చూసుకో" అన్నారు. చూస్తూనే ఉన్నాను. ఆ మొహంలో ఉన్నది ఉండిపోయే మనిషా, వెళ్ళిపోయే మనిషా?